జూన్ నెల కార్క్ పక్కన కోవ్ ఊళ్ళో – కారు లేకుండా, మోకాళ్ళ నొప్పులతో ఏం చూడొచ్చు?

హొరమావు రావు (బెంగళూరు)

అందరికీ నమస్కారం.

మా అబ్బాయి, కోడలు ఐర్లాండ్‌లో కార్క్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఉండేది మాత్రం సిటీలో కాదు, అక్కడికి దగ్గర్లో రేవు ఒడ్డున ఉన్న కోవ్ అనే చిన్న ఊళ్ళో. జూన్ నెలంతా వాళ్ళ దగ్గర ఉండి రావాలని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం.

చిక్కేమిటంటే శని, ఆదివారాలు తప్ప పిల్లలకి తీరిక ఉండదు. మిగతా రోజుల్లో మేమిద్దరమే. ఆ దేశంలో కారు నడిపే ధైర్యం నాకు లేదు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎలాగో ఎక్కుతుంది, దిగేటప్పుడే ప్రాణం మీదికొస్తుంది. ఇద్దరం శాకాహారులం. మ్యూజియం అంటే ఆవిడకి అరగంట దాటితే విసుగు. నాకేమో ఓడలు, రేవులు, పాత రైళ్ళు అంటే పిచ్చి. పుట్టింది బందరులో లెండి, బ్యాంకు ఉద్యోగం తెచ్చి ఈ సముద్రం లేని ఊళ్ళో పడేసింది.

ఒక యూట్యూబ్ వీడియోలో ఆ అబ్బాయి కోవ్‌కి పూట చాలు, టైటానిక్ మ్యూజియం చూసి వచ్చేయండి అన్నాడు. పూటలో అయిపోయే ఊళ్ళో నెల రోజులు ఏం చెయ్యాలి? కార్క్‌లో తప్పనిసరిగా చూడాల్సినవి ఏవి, వదిలేసినా నష్టం లేనివి ఏవి? అక్కడ కొన్నాళ్ళు ఉండి వచ్చినవాళ్ళు చెబితే బాగుంటుంది.

ఇంకొకటి. పోయినేడు అమ్మాయి దగ్గరికి జర్మనీ వెళ్ళినప్పుడు తీసుకున్న షెంగెన్ వీసాకి ఇంకా గడువుంది. ఐర్లాండ్‌కి అదే చాలని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా?

సిల్క్‌బోర్డ్ బాధితుడు (బెంగళూరు)

అంకుల్, నేను ఆఫీసు పని మీద కార్క్ వెళ్ళాను. వీకెండ్‌లో కారు తీసుకుని ఫ్రెండ్స్‌తో చుట్టేశాం. బ్లార్నీ కోట తప్పకుండా వెళ్ళండి, అక్కడ రాయిని ముద్దుపెట్టుకుంటే మాటకారితనం వస్తుందట. క్లిఫ్స్ ఆఫ్ మోహర్, కిలార్నీ, రింగ్ ఆఫ్ కెర్రీ అన్నీ అదిరిపోతాయి. మోహర్ పొద్దున్నే బయల్దేరితే రాత్రికి వచ్చేయొచ్చు. కోవ్ అంటే రంగురంగుల ఇళ్ళ ముందు ఫోటో, ఒక కాఫీ, అంతే. అక్కడ పెద్దగా ఏం లేదు.

పరంగిమల టీచర్ (చెన్నై)

రావుగారూ, పై బాబు చెప్పినవన్నీ మంచి చోట్లే. పాతికేళ్ళ వయసుకి, నలుగురు స్నేహితులకి. మీ ఇద్దరికీ కాదు. మోహర్ కార్క్ నుంచి ఒకవైపే రెండున్నర, మూడు గంటలు. ఒక్క రోజులో పోయి రావడమంటే ఆవిడ మోకాళ్ళు కార్లో మడిచిపెట్టి ఉంచడమే. దాన్ని మీ అబ్బాయికి వదిలేయండి, రాత్రి అక్కడే బస చేసేలా ప్లాన్ చేస్తాడు. బ్లార్నీలో ఆ రాయి ఉన్నది కోట పైన. ఇరుకు మెట్లన్నీ ఎక్కి, వెల్లకిలా పడుకుని, తల వెనక్కి వాల్చి ముద్దుపెట్టాలి. చుట్టూ తోట బాగుంటుంది, తోట కోసం వెళ్తే వెళ్ళండి. మాటకారితనం మీకు ఇప్పటికే ఉందని మీ పోస్టు చూస్తే తెలుస్తోంది.

కోవ్‌లో మా అమ్మాయి ఉంటుంది. పూట చాలన్నవాళ్ళు ఆ ఊరు చూడలేదు, ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు.

ముందు మీ అబ్బాయిని ఒక మాట అడగండి, ఇల్లు కింది వీధిలోనా, కొండ మీదా అని. ఊరంతా నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేచినట్టు ఉంటుంది. ఒడ్డు వెంట ఉన్న వీధి ఒక్కటే చదును. అక్కడి నుంచి పైకి ఏ వీధి పట్టుకున్నా ఏటవాలే. వాన పడితే జారుతుంది కూడా. దిగడమే కష్టమన్నారు కాబట్టి ఇల్లు పైనైతే రాకపోకలు రెండూ టాక్సీలోనే అనుకోండి, అక్కడ పొదుపు చెయ్యకండి. సెయింట్ కోల్మన్ కెథడ్రల్ కూడా పైనే. పై రోడ్డు నుంచి వెళ్తే టాక్సీ గుమ్మం దాకా వస్తుంది. 1868లో మొదలుపెట్టి 1919 దాకా కట్టారు దాన్ని. గోపురంలో 49 గంటలు ఉన్నాయి, కింద కూర్చుని ఒక మనిషి వాటిని పియానోలా వాయిస్తాడు. వేసవి ఆదివారాల్లో సాయంత్రం పూట కచేరీ ఉంటుంది. దానికి చర్చిలోకి వెళ్ళక్కర్లేదు, కింద పార్కులో బెంచీ మీద కూర్చుంటే ఇంకా బాగా వినిపిస్తుంది.

ఇప్పుడు చదును వీధి సంగతి. స్టేషన్ నుంచి నడుచుకుంటూ వెళ్తే కిలోమీటరు లోపే మీకు కావలసిందంతా ఉంది. స్టేషన్ భవనంలోనే హెరిటేజ్ సెంటర్. దాని బయట నీళ్ళ ఒడ్డున ఒక అమ్మాయి, ఇద్దరు తమ్ముళ్ళ విగ్రహం. ఆ పిల్ల పేరు ఆనీ మూర్. 1891 డిసెంబరులో తమ్ముళ్ళని వెంటపెట్టుకుని ఇక్కడ ఓడెక్కింది. అమ్మానాన్నలు అప్పటికే న్యూయార్క్‌లో ఉన్నారు. 1892 జనవరి 1న ఎల్లిస్ ఐలాండ్ తెరిచిన రోజున మొట్టమొదట దిగింది ఈమే, చేతిలో పది డాలర్ల బంగారు నాణెం పెట్టారు. విగ్రహంలో ఒక తమ్ముడు సముద్రం కేసి వేలు చూపిస్తుంటాడు, ఆమె మాత్రం తల తిప్పి వెనక్కి ఊరి కేసి చూస్తుంటుంది. మా అమ్మాయిని మొదటిసారి విమానం ఎక్కించినప్పుడు మీనంబాక్కంలో అది కూడా అలాగే తిరిగి చూసింది, అందుకని నాకు ఆ విగ్రహం దగ్గర కాళ్ళు ఆగిపోతాయి. 1848 నుంచి 1950 లోపు ఐర్లాండ్ వదిలిపోయిన అరవై లక్షల మందిలో పాతిక లక్షల మంది ఈ ఒక్క రేవు నుంచే ఓడెక్కారని ఆ హెరిటేజ్ సెంటర్‌లో చెబుతారు. ఊరికి అప్పట్లో క్వీన్స్‌టౌన్ అని పేరు. 1849లో విక్టోరియా రాణి వచ్చి దిగిందని ఆ పేరు పెట్టి, స్వతంత్రం వచ్చే నాటికి తీసేశారు.

టైటానిక్ మ్యూజియం ఆ ఓడ నడిపిన కంపెనీ పాత టికెట్ ఆఫీసులోనే పెట్టారు. 1912 ఏప్రిల్ 11న ఆ ఓడ ఆగిన ఆఖరి రేవు ఇదే. అంత పెద్ద ఓడ లోపలికి రాలేక రేవు ముఖద్వారం దగ్గర లంగరు వేస్తే, ఇక్కడి 123 మందిని చిన్న పడవల్లో తీసుకెళ్ళి ఎక్కించారు. మీకు టికెట్‌తో పాటు ఆ 123 మందిలో ఒకరి పేరున్న బోర్డింగ్ కార్డు ఇస్తారు. ఆ మనిషి బతికారో లేదో చివరి గదిలో గోడ మీద చూసుకోవాలి. బతికింది 44 మందే. మీ ఆవిడకి విసుగు రాదు, గ్యారంటీ. వెనక కిటికీలోంచి వాళ్ళు నడిచి వెళ్ళిన చెక్క వంతెన కనిపిస్తుంది, ఇప్పుడు పుచ్చిపోయిన దుంగలే మిగిలాయి. ఇంకో విశేషం. ఫ్రాన్సిస్ బ్రౌన్ అనే పాదిరీ చదువులో ఉన్న కుర్రాడు ఇంగ్లండ్‌లో ఎక్కి ఇక్కడ దిగిపోయాడు. అమెరికా దాకా టికెట్ కొనిస్తామని ఓడలో ఎవరో దంపతులు ముందుకొచ్చారట, దిగిపొమ్మని పైవాళ్ళ నుంచి టెలిగ్రాం వచ్చింది. ఆ ఓడ లోపలి ఫోటోలు లోకానికి మిగిలాయంటే అతని కెమెరా దిగిపోబట్టే.

ఇంత చెప్పి కూడా అంటాను, ఆ ఊళ్ళో టైటానిక్‌కి అక్కర్లేనంత హడావిడి. అది అక్కడ ఆగింది గంటన్నర, రెండు గంటలు. లూసిటానియా అనే ప్రయాణికుల ఓడ అలా కాదు. 1915 మే 7న జర్మన్ సబ్‌మెరీన్ దాన్ని ఈ తీరానికి దగ్గర్లోనే ముంచేసింది. దాదాపు 1,200 మంది పోయారు. బతికినవాళ్ళనీ, శవాలనీ తెచ్చింది ఈ వీధికే. చౌరస్తాలో స్మారకం ఉంది, పైన దేవదూత, కింద అలిసిపోయిన ఇద్దరు జాలర్లు. ఆ జాలర్ల ముఖాలు దగ్గరికి వెళ్ళి చూడండి. ఊరి బయట పాత శ్మశానంలో సామూహిక సమాధులున్నాయి. అక్కడికీ టాక్సీయే.

ఒక జాగ్రత్త. వేసవిలో పెద్ద క్రూయిజ్ ఓడలు నేరుగా స్టేషన్ పక్కనే ఆగుతాయి. ఆ రోజు వీధి నిండా జనం, కాఫీకి కూడా క్యూ. ఏ రోజు ఏ ఓడ వస్తుందో పోర్టు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది. పొద్దున అది లోపలికి రావడం మీరు ఎలాగూ చూడాలనుకుంటారు, చూసేసి వెంటనే రైలెక్కి కార్క్ వెళ్ళిపోండి.

రైలు పాతిక నిమిషాలే. మామూలు లీప్ కార్డు కొనుక్కోండి, రైలుకీ సిటీ బస్సులకీ అదే. కార్క్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు కుడి వైపు కిటికీ పట్టుకోండి, నీళ్ళన్నీ అటే. మధ్యలో ఫోటా అనే స్టేషన్‌లో దిగితే పక్కనే జూ, పాత బంగళా తోట. రెండూ చదునే.

కార్క్‌లో నేను మొదట పంపేది యూనివర్సిటీకి. లెక్కల టీచర్ని కదా, పక్షపాతం ఉంటుంది. జార్జ్ బూల్ అక్కడ మొదటి గణిత ప్రొఫెసర్, 1849లో చేరాడు. చెప్పులు కుట్టే ఆయన కొడుకు, డిగ్రీ అంటూ లేదు. ఆ సిల్క్‌బోర్డ్ బాబు రోజూ రాసే కోడులో ట్రూ, ఫాల్స్ అని ఉంటుందే, అది ఈయన పెట్టిన భిక్షే. ఆఫీసు పని మీద కార్క్ వెళ్ళి ఆయన్ని చూడకుండా రావడం ఏమిటి నాయనా! 1864లో వానలో నడిచి కాలేజీకి వెళ్ళి, తడిబట్టలతోనే పాఠం చెప్పి, న్యుమోనియా వచ్చి 49 ఏళ్ళకే పోయాడు. భార్య మేరీ ఎవరనుకున్నారు? మన సర్వే ఆఫ్ ఇండియా జార్జ్ ఎవరెస్ట్‌కి స్వయానా తమ్ముడి కూతురు. దేశమంతా కొలిచిన ఆ మహా సర్వే మొదలైంది 1802లో మా పరంగిమల దగ్గరే, లాంబ్టన్ అనే ఇంగ్లిష్ అధికారి ఇక్కడి నుంచి పెరుంబాక్కం గుట్ట దాకా గొలుసు పెట్టి కొలిచాడు. ఆయన తర్వాత ఆ పని అందుకున్నవాడే ఎవరెస్ట్. మా ఇంటి డాబా మీద నిలబడితే కనిపించే కొండకీ, కార్క్‌లో ఒక ప్రొఫెసర్ ఇంటికీ చుట్టరికం ఉందని అక్కడికి వెళ్ళాకే తెలిసింది నాకు. మేరీ కూడా ఊరికే కూర్చున్న మనిషి కాదు. అట్టకి చిల్లులు పొడిచి దారంతో తిన్నటి గీతలు కుట్టిస్తూ పిల్లలకి వంపులు అర్థమయ్యేలా చేసింది. నేను ఎనిమిదో క్లాసులో ఏళ్ళ తరబడి అదే చేయించాను, ఎవరు కనిపెట్టారో తెలియకుండా.

అక్కడ మధ్యలో చదరపు పచ్చిక ఉంటుంది. దాన్ని అడ్డంగా దాటిన స్టూడెంటు పరీక్ష తప్పుతాడని నమ్మకం. మనకి పరీక్షల్లేవు, అయినా నేను చుట్టూ తిరిగే వెళ్ళాను. వరండాలో ఓగమ్ రాళ్ళు పెట్టారు, రాయి అంచు మీద నిలువుగా గాట్లు, అదే వాళ్ళ పాత లిపి. అక్కడంతా చదును.

హొరమావు రావు

మేడమ్, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఆనీ మూర్ దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. ధన్యవాదాలు. ఇల్లు పైనే అట, కెథడ్రల్ వెనకాల. టాక్సీ మాట కొడుక్కి చేరవేశాను.

మూడు సందేహాలు. కోవ్ ఎదురుగా స్పైక్ ఐలాండ్ అని జైలు ద్వీపం ఉందట కదా, ఆవిడతో వెళ్ళొచ్చా? కార్క్‌లో షాండన్ అనే చోట గంటలు మనమే మోగించొచ్చని చదివాను, ఎన్ని మెట్లు? తిండి సంగతి మూడోది. మా ఆవిడ కొడుకు కోసం రెండు కిలోల నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు, అల్లం పచ్చడి సర్దే పనిలో ఉంది. ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జయనగర్ నాలుగో బ్లాక్ (బెంగళూరు)

రావుగారూ, వీసా సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మీ బావమరిది మాట వినకండి. ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది గానీ, ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ దేశాల్లో లేదు. విడిగా ఐరిష్ వీసా కావాలి. ఫారం ఆన్‌లైన్‌లో నింపి, ప్రింటు మీద సంతకం పెట్టి, పాస్‌పోర్టు, మీ అబ్బాయి ఆహ్వాన లేఖ, అతని ఉద్యోగం కాగితాలు, మీ పెన్షన్ వచ్చే బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ కలిపి ఇవ్వాలి. జూన్ ప్రయాణమంటే ఇప్పుడే మొదలుపెట్టండి. లండన్ కూడా చూడాలని ఉంటే వీసా మీద బీఐవీఎస్ అని ముద్ర ఉందో లేదో చూసుకోండి. అది ఉంటే ఆ వీసాతోనే ఇంగ్లండ్ కూడా వెళ్ళొచ్చు, కానీ ముందు ఐర్లాండ్‌లో దిగి తర్వాతే అటు వెళ్ళాలి. డబ్లిన్‌లో దిగితే ఎయిర్‌పోర్టు నుంచే కార్క్‌కి నేరుగా బస్సులున్నాయి, మూడు గంటల పైచిలుకు. రైలు కావాలంటే సిటీలోని హ్యూస్టన్ స్టేషన్‌కి వెళ్ళాలి, సామాన్లతో అదో ప్రయాస.

జూన్‌లో ఉంటున్నారు కాబట్టి ఇంకో మాట. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేలిపోయింది ఆ సముద్రం మీదే. 329 మందిలో ఒక్కరూ మిగల్లేదు. కార్క్ జిల్లా పడమటి కొసన అహకిస్టా అనే పల్లె దగ్గర ఒడ్డున స్మారకం ఉంది, గోడ మీద పేర్లు, మధ్యలో సూర్య గడియారం. ఏటా ఆ తేదీన పొద్దున్నే జనం చేరతారు. ఎక్కువమంది ఆ చుట్టుపక్కల వాళ్ళే, మనవాళ్ళెవరూ వాళ్ళకి తెలియకపోయినా వస్తారు. కారులో రెండు గంటల దారి, మీ అబ్బాయి తీసుకెళ్ళాలి. కోవ్ ఒడ్డున నిలబడితే ఎదురుగా కనిపించే ద్వీపం హాల్‌బౌలిన్, వాళ్ళ నేవీ స్థావరం. ఆ రోజు శవాల కోసం సముద్రంలో వెతికిన నౌకల్లో ఐస్లింగ్ అనే ఐరిష్ నౌక ముందుంది.

పరంగిమల టీచర్

కనిష్క సంగతి రాసినందుకు థాంక్స్. ఇప్పుడు రావుగారి సందేహాలు.

స్పైక్ ఐలాండ్‌కి మీరొక్కరే వెళ్ళండి. పడవ పావుగంటే గానీ, దిగాక కోట దాకా ఎక్కుడు దారి, లోపల బోలెడంత నడక. మీకు మాత్రం పండగే. 1847లో జైలుగా మార్చారు, కరువు రోజుల్లో. తిండి దొంగతనం చేసినవాళ్ళతో నింపేసి, ఆస్ట్రేలియాకీ బెర్ముడాకీ ఓడలెక్కించారు. మన అండమాన్ జైలు గుర్తొస్తుంది. ఆ పూట ఆవిణ్ణి ఒడ్డున కెనెడీ పార్కులో కూర్చోబెట్టండి, పడవలు ఆగేది కూడా ఆ పక్కనే. కాకపోతే స్వెట్టర్ మీద గాలి ఆపే జాకెట్ కూడా ఉండాలి, జూన్ అయినా సరే. గొడుగు దండగ, ఆ గాలికి తిరగబడుతుంది.

షాండన్‌లో పైదాకా 132 మెట్లు. కానీ గంటల తాళ్ళు లాగే చోటు మొదటి అంతస్తులోనే. ఆవిడ అక్కడి దాకా వచ్చి మోగించి, నెమ్మదిగా దిగొచ్చు. ఏ తాడు తర్వాత ఏ తాడు లాగాలో అంకెలు రాసిన అట్టలు ఇస్తారు, సంగీతం రానక్కర్లేదు. ఊరంతా వినిపిస్తుంది కాబట్టి తప్పులు కూడా ఊరంతా వినిపిస్తాయి, ఎవరూ ఏమీ అనుకోరు. గోపురానికి నాలుగు వైపులా గడియారాలు, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. దానికి నాలుగు ముఖాల అబద్ధాలకోరు అని పేరు పెట్టారు ఊరివాళ్ళు. బస్సు టైముకి దాన్ని నమ్మకండి.

ఇంగ్లిష్ మార్కెట్ 1788 నుంచీ ఉంది, అందరూ మెచ్చుకుంటారు. మీకైతే చేపల వైపు గుమ్మం తప్పించుకుని వెళ్ళాలి. చీజ్, ఆలివ్, బ్రెడ్ అమ్మేవాళ్ళ దగ్గర పది నిమిషాలు, అంతకన్నా అక్కర్లేదు. కూర్చుని తినాలంటే పారడైసో అని పూర్తి శాకాహార రెస్టారెంట్ ఉంది, యూనివర్సిటీకి వెళ్ళే దారిలో. బాగా ఖరీదు. కొడుకు చేత బిల్లు కట్టించండి.

సర్దుడు సంగతి. నెయ్యి, పాలకోవా రెండూ తీసేయండి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాల సరుకు, మాంసం సామాన్లలో తేకూడదు, కస్టమ్స్‌లో పట్టుకుంటే చెత్తబుట్టలోకే. పచ్చి కరివేపాకు కూడా అంతే, ఆకులకి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ అడుగుతారు. కరివేపాకు పొడి కొట్టి పట్టుకెళ్ళండి. అల్లం పచ్చడి నిక్షేపంగా తీసుకెళ్ళొచ్చు, మూత మీద టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టండి.

నెయ్యికి దిగులు పడొద్దని ఆవిడతో చెప్పండి. ఒకప్పుడు లోకంలోకెల్లా పెద్ద వెన్న బజారు ఉన్నది కార్క్‌లోనే, షాండన్ పక్కన దాని మ్యూజియం కూడా ఉంది. ఆవులు ఏడాదిలో చాలా నెలలు పచ్చగడ్డి మీదే మేస్తాయేమో, వెన్న పసుప్పచ్చగా ఉంటుంది. నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ కాచింది ఆ వెన్నే, పూస కట్టిన నెయ్యి వచ్చింది. కొనేటప్పుడు మాత్రం ప్యాకెట్ తిప్పి చూడమనండి. మామూలుగా అక్కడ అమ్మేది ఉప్పు వేసిన వెన్న, ఉప్పు లేనిది వెతికి తీసుకోవాలి.